యూఎస్‌బీ వైఫై కొన్న లైనక్స్ వాడుకరులకు హెచ్చరిక: "డ్రైవర్ మార్చాం" అంటే నమ్మి వాపసు గడువు పోగొట్టుకోకండి

పెట్టె మీద "లైనక్స్‌లో పనిచేస్తుంది" అని ఉంటే చూసి, 1,350 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొన్నాను. లోపల రియల్‌టెక్ 8822బీయూ చిప్. నాది ఉబుంటు 24.04 (లైనక్స్‌లో ఒక రకం). పెట్టగానే పనిచేసింది కానీ పది నిమిషాలకోసారి కనెక్షన్ తెగిపోయేది. మా అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో రెండుసార్లు పోయింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూశాకే అమ్మకందారుకు గట్టిగా రాశాను.

"సరిచేసిన డ్రైవర్" (అడాప్టర్‌ను పనిచేయించే సాఫ్ట్‌వేర్) అంటూ ఒక జిప్ ఫైలు పంపారు. అందులోని స్క్రిప్టు (డ్రైవర్‌ను ఎక్కించే ఆదేశాల ఫైలు) నడిపితే చివర "విజయవంతం" అని వచ్చింది. బాధ మాత్రం తీరలేదు. మళ్ళీ అడిగితే "కొత్త డ్రైవర్ సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది" అన్నారు. ఇది పచ్చి అబద్ధం. డ్రైవర్ కెర్నెల్‌లోకి, అంటే లైనక్స్ మూల భాగంలోకి, ఎక్కితే ఆ క్షణం నుంచే పనిచేస్తుంది, ఎక్కకపోతే లేదు. నేను నమ్మి ఆగాను. ఈలోగా ఏడు రోజుల వాపసు గడువు దాటిపోయింది.

ఎనిమిదో రోజు నేనే వెతికాను. డ్రైవర్ వివరాలు చెప్పే మాడ్‌ఇన్ఫో (modinfo) ఆదేశం కొత్త డ్రైవర్ వివరాలన్నీ చక్కగా చూపించింది. మోసపోయేది ఇక్కడే. మాడ్‌ఇన్ఫో చూపేది డిస్కు మీద పడి ఉన్న ఫైలును, మెమరీలో నడుస్తున్నదాన్ని కాదు. నిజంగా ఎక్కిన డ్రైవర్లను చూపే ఎల్‌ఎస్‌మాడ్ (lsmod) జాబితాలో ఆ పేరే లేదు. యూఎస్‌బీ పరికరాలను చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశానికి "-టి" చేర్చి (lsusb -t) నడిపితే, అడాప్టర్‌ను పట్టుకుని ఉన్నది కెర్నెల్‌తోపాటు వచ్చే ఆర్‌టీడబ్ల్యూ88 డ్రైవరే అని తేలింది. 2023లో వచ్చిన 6.2 కెర్నెల్ నుంచీ ఈ చిప్‌కు అందులో యూఎస్‌బీ మద్దతు ఉంది. అంటే మొదటి రోజు నుంచీ నడిచింది పాతదే.

కారణం కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg)లో దొరికింది: డిజిటల్ సంతకం లేని మాడ్యూల్‌ను (డ్రైవర్ ఫైలును) తిరస్కరించాను అని కెర్నెల్ స్పష్టంగా రాసి పెట్టింది. నా ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది; సంతకం లేని డ్రైవర్లను ఎక్కనివ్వని భద్రతా ఏర్పాటు అది. స్క్రిప్టు ఆ తిరస్కరణను చూడనే లేదు, ఏం జరిగినా "విజయవంతం" అనే రాస్తుంది.

పాత, కొత్త డ్రైవర్ల పేరు ఒకటే అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాతది అప్పటికే ఎక్కి ఉంటే, డ్రైవర్‌ను ఎక్కించే మాడ్‌ప్రోబ్ (modprobe) ఆదేశం ఏమీ చేయకుండానే, ఏ లోపమూ చెప్పకుండా ముగుస్తుంది. మాడ్‌ఇన్ఫోలో "ఎస్‌ఆర్‌సీవెర్షన్" (srcversion) అనే వరుస ఉంటుంది. సిస్ డైరెక్టరీలో (/sys/module) మాడ్యూల్ పేరు కింద అదే పేరుతో ఒక చిన్న ఫైలు ఉంటుంది. రెండూ అక్షరం అక్షరం సరిపోలాలి. సరిపోలకపోతే మాడ్‌ప్రోబ్ "-ఆర్"తో పాతదాన్ని దింపి, కొత్తదాన్ని ఎక్కించి మళ్ళీ చూడండి.

అమ్మకందారు గడువు పేరు చెప్పి డబ్బు తిరిగి ఇవ్వనన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. డీమెసేజ్‌లోని ఆ వరుసను, "కొన్ని రోజులు పడుతుంది" అన్న వారి సందేశాన్ని జతచేశాను. మీకూ ఇలాంటి జిప్ ఫైలు పంపి ఉంటే, గడువు ఇంకా మిగిలి ఉండగానే, ఈ రాత్రే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ "-టి" నడిపి చూడండి.