అడగందే అమ్మైనా పెట్టదు, లైబ్రరీ కూడా అంతే (ఏడేళ్ల వాడకం తర్వాత రివ్యూ)

మా యూనివర్సిటీ లైబ్రరీని ఏడేళ్లు వాడా, పీజీలో రెండేళ్లు, పీహెచ్‌డీలో ఐదేళ్లు. మొదటి రెండేళ్లు నాకది ఏసీ ఉన్న చదువుకునే గది, అంతే. కిటికీ పక్కన ప్లగ్ పాయింట్ ఉన్న సీటు దొరికితే ఆ రోజు పండగ. పుస్తకం కావాలంటే ర్యాక్ దగ్గరికెళ్లి తీసుకోవడం, లేకపోతే మొహం వేలాడేసుకుని వచ్చేయడం, అంతకుమించి అక్కడ ఇంకేమైనా ఉంటుందని అనుకోలేదు. తర్వాత తెలిసిందేంటంటే అక్కడున్నవాటిలో సగం గురించి ఎవరూ మనకి చెప్పరు. వెబ్‌సైట్లో ఉంటుంది, నాలుగు మెనూల కింద, చదివితే అర్థం కాని పేర్లతో. ఐదుకి నాలుగు ఇస్తా, ఆ తీసేసిన ఒక్కటీ దీనికే.

చిన్న ఉదాహరణ. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్ సెట్టింగ్స్‌లో లైబ్రరీ లింక్స్ అని ఒకటుంటుంది, అందులో మన యూనివర్సిటీ పేరు వెతికి టిక్ పెట్టి సేవ్ చేస్తే లైబ్రరీ చందా కట్టిన పేపర్ల పక్కన కుడివైపు ఫుల్ టెక్స్ట్ లింక్ కనిపిస్తుంది, నొక్కితే మన లాగిన్ అడిగి లోపలికి పంపిస్తుంది. అర నిమిషం పని. ఇది తెలియక నేను రెండేళ్లపాటు పబ్లిషర్ సైట్‌కి వెళ్లడం, డబ్బులు కట్టమంటే ట్యాబ్ మూసేయడం, వేరే యూనివర్సిటీలో ఉన్న ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టి అడుక్కోవడం చేశా, అవన్నీ మా లైబ్రరీలో ఉన్నవే! ఓరియెంటేషన్ రోజు గంటసేపు బిల్డింగ్ చరిత్ర చెప్పారు గానీ ఈ ముక్క చెప్పలేదు.

నిజంగా కళ్లు తెరిపించింది మాత్రం సబ్జెక్ట్ లైబ్రేరియన్ (మన సబ్జెక్ట్‌లో వెతకడానికి సాయం చేసే లైబ్రేరియన్) అపాయింట్‌మెంట్. అలాంటి పోస్ట్ ఒకటుంటుందనే నాకు తెలియదు, మా సీనియర్ ఒకామె తోలితే వెళ్లా. నా టాపిక్ టీనేజ్ పిల్లల నిద్ర, ఫోన్ వాడకం. సిస్టమాటిక్ రివ్యూ చేయాలి, అంటే ఆ టాపిక్ మీద వచ్చిన పేపర్లన్నీ ఒక పద్ధతిలో వెతికి తేల్చడం. అప్పటికి మూడు నెలలుగా స్కాలర్‌లోనే వెతుకుతున్నా, పైన ఫలితాలు లక్షల్లో చూపిస్తుంది కదా అని మురిసిపోతున్నా, తీరా చూస్తే ఏ సెర్చ్‌కైనా వెయ్యి దాటి ముందుకెళ్లనివ్వదట, ఆ సంగతి ఆ లైబ్రేరియన్ మేడమ్ చెప్తేనే తెలిసింది. ఆవిడ ల్యాప్‌టాప్ తెరవనివ్వలేదు ముందు. తెల్ల కాగితం మీద మూడు గడులు గీసి, ఎవరి గురించి, దేని గురించి, ఏం కొలుస్తున్నావ్ అని అడిగి ఒక్కో గడిలో ఆ మాటకి ఎన్ని పేర్లున్నాయో నాతోనే రాయించారు. గడిలో ఉన్నవాటి మధ్య ఆర్ (ఏదో ఒకటి ఉంటే చాలు), గడికీ గడికీ మధ్య ఆండ్ (అన్నీ ఉండాలి). అంతేనా అనిపించింది గానీ నేను మూడు నెలలు చేసిన సెర్చ్‌లో టీనేజర్ అన్న ఒక్క మాటే ఉంది, ఈ రంగంలో రాసేవాళ్లలో చాలామంది అడాలసెంట్ అంటారు, కొందరు యూత్ అంటారు, ఇంకొందరు హైస్కూల్ స్టూడెంట్స్ అంటారు.

ఆ తర్వాత వైద్య పరిశోధన పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్ తెరిచాం. అందులో మెష్ అని ఒక పద్ధతుంది, పేపర్ రాసినవాళ్లు ఏ పేరు వాడినా సరే 13 నుంచి 18 ఏళ్లవాళ్ల గురించైతే అడాలసెంట్ అన్న ఒకే ట్యాగ్ కింద పడేస్తారు. అయితే అన్ని పేపర్లకీ ఆ ట్యాగ్ ఉండదు కాబట్టి ట్యాగ్‌తో పాటు మామూలు మాటలూ కలిపి వెతకాలి. నేను తెలివిగా నాట్ వాడి అడల్ట్స్ అన్నవాటిని తీసేశా, మేడమ్ నవ్వి అది తీసేయించారు, ఎందుకంటే పిల్లల్నీ పెద్దల్నీ కలిపి చదివిన పేపర్లు కూడా దాంతోపాటే ఎగిరిపోతాయి. చివర్లో నాకు పరీక్ష పెట్టారు. నీ టాపిక్‌లో నీకు ముందే తెలిసిన మంచి పేపర్లు ఐదు చెప్పు, ఈ సెర్చ్‌లో అవి పడ్డాయో లేదో చూద్దాం అన్నారు. రెండు పడలేదు! ఒకదాంట్లో స్లీప్ అన్న మాటే టైటిల్లో, సారాంశంలో లేదు, బెడ్‌టైమ్ అని ఉంది. ఆ మాట కలిపాక అదొచ్చింది, రెండోది ఆ డేటాబేస్‌లోనే లేదు, సైకాలజీ డేటాబేస్ సైక్‌ఇన్ఫోలో ఉంది. అందుకే ఒక్క డేటాబేస్ సరిపోదు అంటారని అప్పుడర్థమైంది.

గంట అనుకున్నది రెండు గంటలైంది. వచ్చేముందు ఆవిడ చెప్పిన ఇంకో మాట, ఏ డేటాబేస్‌లో ఏ తారీఖున వెతికావ్, ఎన్నొచ్చాయ్, డూప్లికేట్లు ఎన్ని తీసేశావ్ అన్నీ మొదటి రోజు నుంచే రాసుకో అని. సిస్టమాటిక్ రివ్యూలో ఏమేం రాయాలో చెప్పే ప్రిస్మా 2020 చెక్‌లిస్ట్‌లో 27 అంశాలుంటాయి, దాంతోపాటు ఆ అంకెలన్నీ చూపించే ఫ్లో డయాగ్రామ్ కూడా పెట్టాలి, ఏడాది తర్వాత కూర్చుని గుర్తు తెచ్చుకుందామంటే దేవుడు కూడా చెప్పలేడు. నా పాత మూడు నెలల సెర్చ్ మొత్తం పారేసింది దీనివల్లే, ఏదీ రాసుకోలేదు కదా.

వర్క్‌షాప్‌ల సంగతి. ఏడేళ్లలో ఓ ఇరవై దాకా వెళ్లుంటా. పేరు నమోదు చేసుకునేది నలభై మంది, వచ్చేది తొమ్మిది మంది, ఇది ఎప్పుడూ ఉండేదే, కానీ వెళ్లినవాళ్లకి అదే లాభం, పక్కన కూర్చోబెట్టుకుని మన ఫైల్‌లోనే చూపిస్తారు. ఆన్‌లైన్‌లో పెట్టినవి మాత్రం దండగ, స్లైడ్లు చదివి వినిపిస్తారు, రికార్డింగ్ పంపిస్తాం అంటారు, అది రాదు. జొటెరో మీద పెట్టేది తప్పకుండా వెళ్లాల్సినది. ఫ్రీ సాఫ్ట్‌వేర్, 2006 నుంచి ఉంది, పేపర్లు దాచుకుని వర్డ్‌లో రిఫరెన్సులు దానంతటదే పెడుతుంది. ఫైళ్లు సింక్ చేసుకోవడానికి ఫ్రీగా ఇచ్చేది 300 ఎంబీనే, పీడీఎఫ్‌లతో ఇట్టే నిండిపోతుంది, కాబట్టి పీడీఎఫ్‌లు వేరే చోట పెట్టుకోవడం ఎలాగో అక్కడే అడిగేయండి.

ఆ వర్క్‌షాప్‌లో చెప్పిన సార్ ఒక మాట రెండుసార్లు చెప్పారు, అన్‌లింక్ సైటేషన్స్ అన్న బటన్ నొక్కేముందు ఫైల్ కాపీ తీసి పెట్టుకోండి అని. తల ఊపా. ఏడాదిన్నర తర్వాత రాత్రి రెండింటికి, ఉన్న ఒక్క కాపీలోనే నొక్కేశా. రిఫరెన్సులన్నీ జొటెరోతో లింక్ తెగి మామూలు టెక్స్ట్ అయిపోయాయి, పొద్దున గైడ్ మెయిల్, స్టైల్ మార్చి పంపమని. 140 రిఫరెన్సులు చేత్తో మళ్లీ పెట్టా. తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు.

సిమిలారిటీ చెక్ (మన రాత వేరేవాటితో ఎంత కలుస్తుందో సాఫ్ట్‌వేర్ చూడడం) మీద పెట్టిన వర్క్‌షాప్ కూడా మంచిదే. వచ్చే శాతం కాపీ కొట్టిన శాతం కాదు, రిఫరెన్సుల లిస్టూ మెథడ్స్‌లో అందరూ రాసే వాక్యాలూ కూడా లెక్కలోకొస్తాయి, రిపోర్ట్ తెరిచి ఏది దేనితో కలిసిందో చూడాలి. ఇంకోటి, డ్రాఫ్ట్ చెక్ చేయించుకునేటప్పుడు దాన్ని డేటాబేస్‌లో దాచొద్దు అని ముందే చెప్పాలి, లేకపోతే ఆరు నెలల తర్వాత మన అసలు థీసిస్ మన డ్రాఫ్ట్‌తోనే మ్యాచ్ అయి కూర్చుంటుంది. స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ మీద పెట్టేవి మాత్రం నాకు నచ్చలేదు, మొదటి పావుగంటకే సగం మంది వెనకబడిపోతారు. ఇంకా పెద్ద గొడవేంటంటే ప్రతి సెమిస్టర్ అవే బేసిక్స్, అడ్వాన్స్‌డ్ అని పెట్టినవి జనం రాలేదని రద్దు చేస్తారు, జనం ఎందుకు రారు, ల్యాబ్ ఉన్న టైమ్‌లో పెడితే ఎలా వస్తారు.

ఈవెంట్లలో నాకు గుర్తున్నది ఒక్కటే, హ్యూమన్ లైబ్రరీ. 2000లో డెన్మార్క్‌లో మొదలైన ఆలోచన, పుస్తకం బదులు మనిషిని అరగంట అరువు తెచ్చుకుని ఎదురుగా కూర్చుని అడగాలనుకున్నది అడగడం. నాకు దొరికిన పుస్తకం పుట్టుకతో చూపులేని ఒకాయన. నేను సిగ్గుపడి చచ్చా, ఆయనే అడగమ్మా అడుగు, అందుకే వచ్చా అన్నారు. పేపర్లు అందరికీ ఫ్రీగా అందాలంటూ అక్టోబర్‌లో వచ్చే ఓపెన్ యాక్సెస్ వీక్‌లో పోస్టర్లు, బ్యాడ్జీలు, ఓ ఉపన్యాసం, పోయినా పోకపోయినా ఒకటే. పుస్తక ప్రదర్శనలు కూడా అంతే.

ఈ-బుక్స్ గురించి ఒక మాట, ఎందుకంటే అందరూ దీని మీద తిట్టుకుంటారు. పరీక్షల ముందు తెరిస్తే వేరేవాళ్లు వాడుతున్నారు, తర్వాత ప్రయత్నించండి అని వస్తుంది. పీడీఎఫ్ అయిపోవడమేంటి అని నేనూ నవ్వా. సంగతేంటంటే ఒకసారికి ఒక్కరే చదివే లైసెన్స్ కొనుంటారు, డెస్క్‌లో చెప్తే ఎక్కువ మంది చదివే లైసెన్స్‌కి మార్పించే ప్రయత్నం చేస్తారు. నేను అడిగిన రెండు పుస్తకాల్లో ఒకటి మార్చారు, అదీ వారంలో. అలాగే లైబ్రరీలో లేని పుస్తకం ఇంకో లైబ్రరీ నుంచి తెప్పిస్తారు. ఒక చాప్టర్ చాలంటే స్కాన్ చేసి మెయిల్‌లో పంపిస్తారు, నాకైతే నాలుగు రోజుల్లో వచ్చేది, పుస్తకమే కావాలంటే రెండు వారాల పైనే, రెన్యూ చేయడం కష్టం, తెచ్చుకున్నాక వెంటనే చదివేయాలి. జర్నల్స్ ఆన్‌లైన్‌లో దాచిపెట్టే జేస్టోర్‌లో మీకు కావలసిన జర్నల్ కొత్త సంచికలు కనబడకపోతే లైబ్రరీ వాళ్లని తిట్టకండి, చాలా జర్నల్స్ మూడు నుంచి ఐదేళ్లు దాటిన సంచికలు మాత్రమే అందులో పెట్టనిస్తాయి, కొత్తవి వేరే చోట ఉంటాయి, డెస్క్‌లో చెప్తారు.

ప్రింటర్ల గురించి రాయను, బీపీ పెరుగుతుంది.

చివరిగా ఈ ఏడాది బయటికొచ్చేవాళ్లకి. థీసిస్ సబ్మిట్ చేసిన ఊపులో ఉంటారు, నో డ్యూస్ (బాకీలేమీ లేవన్న) సంతకం అయిన కొన్నాళ్లకి లాగిన్ ఆగిపోతుంది, డేటాబేస్‌ల చందా చదువుతున్నవాళ్లకీ స్టాఫ్‌కీ మాత్రమే కదా. నా డేటాబేస్ సెర్చ్‌లన్నీ, వాటికి పెట్టుకున్న అలర్ట్‌లన్నీ యూనివర్సిటీ మెయిల్ మీదే ఉన్నాయి, అవన్నీ పోయాయి. ఆర్కిడ్ ఐడీలో (పరిశోధకులకి ఉండే శాశ్వత నంబర్) కూడా అదే మెయిల్ ఒక్కటే పెట్టా, పాస్‌వర్డ్ మర్చిపోయా, రీసెట్ లింక్ ఎక్కడికెళ్తుందో మీకే తెలుసు. సొంత మెయిల్ కూడా కలుపుకోండి, ఇవాళే. పాత విద్యార్థులు బిల్డింగ్‌లోకి వచ్చి అక్కడి కంప్యూటర్లలో కొన్ని డేటాబేస్‌లు వాడుకోవచ్చట, అదీ వెబ్‌సైట్లో ఎక్కడా కనబడలేదు, పోయిన నెల గేట్ దగ్గర కూర్చునే ఆయన్ని అడిగితే చెప్పారు.