డిక్కీలో చెమ్మ, స్టెప్నీ గుంటలో నీళ్లు: డెల్టాలో ఏళ్ల తరబడి వాడి చూసినవి

పాలకొల్లు, నరసాపురం, రాజోలు వైపు కారు ఉన్నవాళ్లకి డిక్కీ తెరవగానే కొట్టే ముక్కిన వాసన కొత్త కాదు. కార్పెట్ ఎత్తితే ఉబ్బిపోయిన అట్ట, దాని కింద తుప్పెక్కిన జాకీ, ఇంకా కిందికి చూస్తే స్టెప్నీ చుట్టూ నీళ్లు. చెమ్మ పీల్చే డబ్బాలు, సిలికా జెల్ సంచులు, బొగ్గు సంచులు, బీడింగులు, సీలెంట్లు, తుప్పు మందులు అన్నీ మా పాత సెడాన్‌లో వాడాను. ఏది నిలబడింది, ఏది డబ్బు దండగ అన్నది మన డెల్టా గాలినీ వానల్నీ లెక్కలోకి తీసుకుని చెబుతున్నాను. హైదరాబాదులో బాగా పనిచేసిన వస్తువు ఇక్కడా పనిచేస్తుందని నమ్మకం లేదు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. పీల్చే వస్తువులు కొనకముందు నీళ్లు దిగే దారి వెతికించండి. డిక్కీ గట్టిగా మూతపడినట్టే కనిపిస్తుంది గానీ గాలికి అది తెరిచి ఉన్నట్టే. చాలా కార్లలో వెనక బంపర్ చాటున పలచని రబ్బరు రెక్కలతో గాలి కిటికీలు ఉంటాయి. తలుపు వేసినప్పుడు లోపలి గాలి వాటిలోంచే బయటికి పోతుంది. వానాకాలంలో మన గాలే తడిగుడ్డలా ఉంటుంది. అలాంటి చోట అరకిలో సిలికా జెల్ పెట్టి డిక్కీని పొడిగా ఉంచాలంటే అది ఊరి గాలినంతా పీల్చాల్సిందే. సిలికా జెల్ మహా అయితే తన బరువులో మూడో వంతు, ఇంకాస్త ఎక్కువ నీటిని పట్టుకుంటుంది. అంటే అరకిలో సంచికి ఒక గ్లాసు నీళ్లు. గుంటలోకి ఒక్క గట్టి వానకి అంతకు ఎన్నో రెట్లు దిగుతాయి.

భీమవరంలో మా కారు చూసిన టింకరింగ్ మేస్త్రి గుంటవైపు చూడనే లేదు. "నీళ్లు నిలిచిన చోట ఏముంటదండీ, అది పల్లం. పైన ఎక్కడ దిగుతున్నాయో అది చూడాలండి" అని లోపలి లైనింగ్ అంతా ఊడదీశాడు. అనుమానించాల్సిన చోట్లు నాలుగైదే. టెయిల్ లైటు వెనక స్పాంజి గాస్కెట్ ఏళ్లు గడిచేకొద్దీ నలిగి పలచనైపోతుంది. డిక్కీ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మూలల దగ్గర అణిగిపోతుంది. గాలి కిటికీల చుట్టూ ఉన్న స్పాంజి రాలిపోతుంది. వెనకనుంచి ఎవరైనా గుద్దాక డెంటు తీయించిన కారైతే రేకుల అతుకుల మీది సీలర్ పగిలి ఉంటుంది. టాపు మీద యాంటెన్నా ఉంటే దాని అడుగు రబ్బరు కూడా చూడాలి. అక్కడ దిగిన నీరు వైరు పట్టుకుని పక్క స్తంభంలోంచి జారి గుంటలో తేలుతుంది.

దారి పట్టుకునే పద్ధతి చెబుతాను, ఇది ఏ మందుకన్నా విలువైంది. డిక్కీలో ఏమీ ఉంచకుండా పొడిగుడ్డతో తుడిచి, అనుమానం ఉన్న అంచుల కింద టాల్కం పౌడర్ చల్లండి. ముగ్గుపిండి వద్దు, గరుకుగా ఉండి పెయింటు గీసుకుపోతుంది. వెనక సీటు మడతపడే కారైతే ఒకరు టార్చితో లోపల పడుకోవాలి, లేదంటే లైటు వెలిగించిన ఫోన్‌తో వీడియో తీస్తూ లోపల వదిలేయాలి. బయటనుంచి పైపుతో నీళ్లు మెల్లగా, ఒత్తిడి లేకుండా వదలాలి. కిందనుంచి మొదలుపెట్టి ఒక్కో చోట కాసేపు ఆగుతూ పైకి వెళ్లాలి. ముందే పైన పోస్తే అన్నీ ఒకేసారి తడిసి ఏ సందు దోషమో తెలియదు. పౌడర్ మీద నీటి చార పడిన చోటే దారి. మా కారులో ఎడమ టెయిల్ లైటు దగ్గర పడింది. కొత్త గాస్కెట్, దాని చుట్టూ బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు పట్టీ) వేయించాక ఆ వైపు మళ్లీ తడవలేదు. మొత్తం పనిలో అన్నిటికన్నా తక్కువ ఖర్చయింది దీనికే.

సీలెంట్ విషయంలో జాగ్రత్త. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే, వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ రేకు మీద వాడకండి. అది ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, దాని కిందే తుప్పు మొదలవుతుంది. కార్లకి వాడే పాలీయూరిథేన్ సీలెంట్ అడగండి. అది గాలిలోని చెమ్మతోనే గట్టిపడుతుంది కాబట్టి మన వాతావరణం దానికి అడ్డు కాదు, రాసే చోటు మాత్రం ఎండుగా ఉండాలి. అందుకే రోహిణి కార్తె ఎండల్లో ఈ పని పెట్టుకోమంటాను. మృగశిర వచ్చాక మొదలుపెడితే రేకుల సందుల్లో తడి ఆరదు.

గుంట అడుగున ఉండే రబ్బరు బిరడా తీసేస్తే నీళ్లు వాటంతటవే పోతాయని చాలామంది అంటారు. ఆ రంధ్రాలు అసలు ఫ్యాక్టరీలో బాడీని పెయింటులో ముంచి తీసినప్పుడు ద్రవం కారిపోవడానికి పెట్టినవి. నీరు వదలడానికి ఒకసారి తీయండి, వెంటనే బిగించండి. చేల పక్క రోడ్ల మీద వాననీళ్లు చక్రం సగం దాకా నిలిచే ఊళ్లు మనవి, బిరడా లేకపోతే అడుగునుంచి బురదతో సహా లోపలికి వస్తాయి.

ఇప్పుడు పీల్చే వస్తువులు. కాల్షియం క్లోరైడ్ డబ్బాలు బీరువాకి బాగుంటాయి, కారుకి వద్దు. అది నీటిని పీల్చి ఉప్పుద్రవంగా మారి డబ్బా అడుగున చేరుతుంది. గుంతల రోడ్డు మీద డబ్బా ఒరిగి ఆ ద్రవం కార్పెట్ మీద పడిందంటే ఆరదు, పైగా గాలిలోని తడినే లాగుతూ ఉంటుంది, రేకుని తినేస్తుంది. బొగ్గు సంచి వాసనకి బాగా పనిచేసింది, చెమ్మకి అంతంతమాత్రం. సిలికా జెల్ దారులన్నీ మూయించాక మాత్రం అక్కరకొచ్చింది. నారింజ రంగు గుళికలు తీసుకోండి, తడిసినప్పుడు ముదురాకుపచ్చగా మారతాయి. నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ అనే విషపదార్థం ఉంటుంది, ఇంట్లో పిల్లలుంటే తేవద్దు. ఎండలో పెడితే పూర్తిగా కోలుకోవు, సుమారు 120 డిగ్రీల వేడి కావాలి. వంటకి వాడని పాత మూకుడులో సన్న సెగ మీద కలుపుతూ వేడిచేస్తాను. అడుగున పరిచిన పాత న్యూస్ పేపర్ మందు కాదు గానీ చెమ్మ తిరిగొస్తే ముందుగా చెప్పేది అదే.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన బెడద ఉప్పు. రొయ్యలో చేపలో ఐసులో పెట్టుకుని డిక్కీలో తెచ్చుకోని ఇల్లు ఇక్కడ ఉందా? థర్మాకోల్ పెట్టె అడుగునుంచి కారే ఉప్పునీరు కార్పెట్ కింది ఫెల్ట్‌లోకి ఇంకుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతటదే నీటిని లాగి కరుగుతుంది. మన తెల్లవారుజాములు వానాకాలంలో ఆ హద్దు దాటే ఉంటాయి. కనుక ఒకసారి ఉప్పు ఇంకిన కార్పెట్ ఎండలో ఆరినట్టే ఉండి పొద్దున్నే మళ్లీ తడిగా తగులుతుంది. విడదీసి మంచినీళ్లతో రెండు మూడు సార్లు ఉతకడం తప్ప వేరే దారి లేదు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో ఉతికితే ఫలితం సున్నా. కాలవలు కట్టేసే వేసవికి ముందే ఈ పని చేసుకోవడం మేలు. చేపలకైతే గట్టి మూతున్న ప్లాస్టిక్ టబ్బు పెట్టండి, పులస సీజన్‌లో మరీను.

తుప్పు పట్టిన చోట వైరు బ్రష్‌తో రుద్ది, టానిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు రాస్తే నల్లగా మారుతుంది. దాని మీద ప్రైమర్, ఆపైన పెయింటు తప్పనిసరి. రెడాక్సైడ్ ప్రైమర్ ఒక్కటీ కొట్టి వదిలేసే అలవాటు ఇక్కడ ఎక్కువ. ప్రైమర్‌కి సన్నని రంధ్రాలుంటాయి, పైన పెయింటు లేకపోతే అది చెమ్మని లోపలికి రానిస్తుంది. మా గుంటలో మేస్త్రి రెండూ వేశాడు, ఇప్పటికీ పెచ్చు లేవలేదు.

విడిగా సీఎన్‌జీ సిలిండర్ బిగించుకున్నవాళ్లు బ్రాకెట్ బోల్టుల కోసం నేలకి వేసిన రంధ్రాల చుట్టూ చూడండి, సీలెంట్ లేకపోతే అక్కడే తుప్పు మొదలవుతుంది. మూడేళ్లకోసారి సిలిండర్ పరీక్షకి విప్పుతారు కదా, గుంట తుడిచి పెయింటు వేయడానికి అదే సమయం. స్టెప్నీ ఇనుప రిమ్ అయితే టైరు అంచు ఆనే చోట తుప్పు పట్టి గాలి మెల్లగా దిగుతుంది. మిగతా టైర్లకి గాలి కొట్టించినప్పుడల్లా దాన్నీ బయటికి తీయించి చూపించండి. స్టెప్నీ బదులు పంక్చర్ కిట్ ఇచ్చిన కార్లలో గుంటలో ఉండేది కరెంటు కంప్రెసర్, అది తడిస్తే అంతే సంగతులు. డిక్కీ పక్క అరలో పట్టేట్టుంటే దాన్ని అక్కడికి మార్చేయండి.