‘నాటు’ అన్న ముద్ర చూసి డబ్బు పంపకండి: మిద్దెతోట కోసం కొన్న విత్తనాలు, ఎరువు, అంటుమొక్కలతో నాకు ఎదురైన అనుభవం

మృగశిర కార్తె దగ్గర పడుతున్నందున మిద్దెతోటలు పెంచేవారు చాలామంది ఈ పాటికి విత్తనాలు తెప్పించుకునే పనిలో ఉంటారు. నిరుడు సరిగ్గా ఇదే సమయంలో నేను చేసిన ఒక కొనుగోలు వల్ల డబ్బుతో పాటు ఒక పంటకాలం మొత్తం పోయింది కనుక, మరొకరు అదే గోతిలో పడకూడదని ఈ వివరాలు రాస్తున్నాను. అమ్మకందారు పేరు ఉద్దేశపూర్వకంగానే రాయడం లేదు. ఇదే వీడియో, ఇవే మాటలు ఈ ఏడాది మరో పేరుతో, మరో ఫోను నంబరుతో నాకే మళ్లీ వచ్చాయి కాబట్టి, పేరు గుర్తు పెట్టుకోవడం కంటే పద్ధతిని గుర్తు పట్టడమే కొనేవారికి ఉపయోగం.

నేను హైదరాబాదులో మా ఇంటి మిద్దె మీద ఆరేళ్లుగా కూరగాయలు పండిస్తున్నాను. నాకు వచ్చిన ప్రకటన ఒక చిన్న వీడియో. అందులో ఒక పెద్దావిడ మట్టిగోడకు చరిచిన పిడకల్లోంచి గింజలు విడదీస్తూ ఉంటుంది, ఆమె వెనక దూలానికి ఎండు సొరబుర్రలు వేలాడుతూ ఉంటాయి. మా అమ్మ కూడా సొర, బీర గింజలను ఆవుపేడలో అద్ది గోడకు కొట్టేది, వంగ గింజలను బూడిదలో కలిపి ముంతలో పోసి మూతికి గుడ్డ కట్టేది, బెండ మొక్కల్లో ఏపుగా ఉన్నదాని మీది మంచి కాయకు దారం కట్టి దాని జోలికి ఎవరూ వెళ్లకూడదని చెప్పేది. ఆ వీడియో చూడగానే నా మనసు మెత్తబడిందని, అడగవలసిన ప్రశ్నలేవీ అడగకుండానే డబ్బు పంపానని ఒప్పుకోవాలి. 22 రకాల నాటు విత్తనాలు, 10 కిలోల చొప్పున 6 బస్తాల వానపాముల ఎరువు, బంగినపల్లి మామిడి అంటు ఒకటి, జామ అంటు ఒకటి, అన్నీ కలిపి 6,240 రూపాయలు ముందుగానే ఫోను ద్వారా ఒక వ్యక్తి ఖాతాకు చెల్లించాను. బిల్లు అడిగితే సరుకుతో పాటు వస్తుందన్నారు, అది ఇప్పటికీ రాలేదు.

విత్తనాలు చిన్న చిన్న కాగితపు పొట్లాల్లో వచ్చాయి. ప్రతి పొట్లం మీద కూరగాయ పేరు, ‘నాటు’ అన్న రబ్బరు ముద్ర తప్ప మరేమీ లేదు. బెండ, మిరప, టమాటా పొట్లాలు విప్పి చూస్తే గింజలు ముదురు గులాబీ రంగులో ఉన్నాయి, పట్టుకుంటే ఆ రంగు వేళ్లకు అంటింది. తోటపని తెలిసినవారెవరికైనా ఈ రంగు అర్థం ఏమిటో చెప్పనవసరం లేదు. వ్యాపార విత్తనాలకు శిలీంద్రాలు పట్టకుండా థైరామ్, కాప్టాన్ వంటి మందులు పట్టించినప్పుడు, వాటిని ఎవరూ పొరపాటున తినకుండా ఇలాంటి రంగు కలుపుతారు. ఫోను చేసి అడిగితే అవతలి వ్యక్తి ఏ మాత్రం తడబడకుండా, ‘సార్, అది బీట్‌రూట్ రసం, మా తాతల నాటి విత్తనశుద్ధి’ అని చెప్పాడు. విత్తనశుద్ధికి వాడే బీజామృతంలో ఆవుపేడ, ఆవు మూత్రం, సున్నం ఉంటాయని విన్నాను గాని, తాతలు బీట్‌రూట్ రసం పట్టించారన్న మాట నేను వినడం అదే మొదటిసారి.

మందు పట్టించిన విత్తనం చెడ్డదని నేను అనడం లేదు. ఆ సంగతి చెప్పి అమ్మితే అది న్యాయమైన వ్యాపారమే. విత్తన నిబంధనల ప్రకారం అలాంటి పొట్లం మీద మందు పట్టించినట్టు, ఆ మందు పేరుతో సహా రాయాలి, ఆహారానికి వాడకూడదన్న హెచ్చరిక కూడా ఉండాలి. ఇక్కడ జరిగింది వేరు. అంగట్లో దొరికే మామూలు విత్తనాన్ని విప్పి, కాగితపు పొట్లంలోకి మార్చి, నాటు అన్న ముద్ర వేసి, నాలుగైదు రెట్ల ధరకు అమ్మారని నా అభిప్రాయం. అవి సంకర (హైబ్రిడ్) రకాలైతే మరో నష్టం కూడా ఉంది. వాటి కాయల నుంచి గింజ తీసి దాచుకుంటే మరుసటి ఏడు తల్లి మొక్క లక్షణాలు నిలవవు. ఏటేటా మన గింజ మనమే దాచుకోవచ్చుననే కదా ఎవరైనా నాటు విత్తనం కోసం వెతికేది.

లేబుల్ విషయంలో ఒక సందేహం రావచ్చు. నాటు గింజలు చేతులు మారుతూ వచ్చేవే కదా, వాటికి లేబుల్ ఎక్కడ ఉంటుందని నేనూ మొదట సరిపెట్టుకున్నాను. రైతు తాను పండించిన విత్తనాన్ని దాచుకోవడానికి, పంచుకోవడానికి, మార్చుకోవడానికి 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం అవకాశం ఇస్తున్న మాట నిజమే, పక్కింటి పిన్నిగారు కాగితంలో చుట్టి ఇచ్చిన చిక్కుడు గింజలకు నేనెప్పుడూ లేబుల్ అడగలేదు. కాని ఆవిడ పాదు నాకు తెలుసు, కాయ రుచీ తెలుసు. ముక్కూ మొహం తెలియని వ్యాపారి దగ్గర కొనేటప్పుడు ఆ తెలియడం అనేది లేబుల్ నుంచే రావాలి. రకం పేరు, లాటు నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, అమ్మకందారు చిరునామా ఆ లేబుల్ మీద కనిపించాలి. పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలల లోపు విత్తనాన్నే తీసుకోవాలి. ధ్రువీకరణ పొందిన విత్తనానికి నీలం రంగు చీటీ ఉంటుంది.

ఇంత అనుమానం వచ్చాక కూడా నేను చేసిన తప్పు, మొలక పరీక్ష చేయకుండా నేరుగా విత్తడం. కార్తె దాటిపోతుందన్న తొందర తప్ప దానికి మరో కారణం లేదు. పరీక్ష ఏమంత కష్టమైన పనీ కాదు. పది లేక ఇరవై గింజలను తడి నూలుగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరిపోకుండా నీడలో ఉంచితే, బెండ, బీర వంటివి వారం లోపు, టమాటా, వంగ, మిరప మరికొన్ని రోజులకు తమ సంగతి చెప్పేస్తాయి. ధ్రువీకరించిన విత్తనానికి టమాటా, వంగలో కనీసం 70 శాతం, బెండలో 65 శాతం, మిరప, సొర, బీరల్లో 60 శాతం మొలక ఉండాలన్నది ప్రమాణం. నా నారుకుండీలో 40 టమాటా గింజలకు తొమ్మిది మొలిచాయి, వంగ ఒక్కటీ మొలవలేదు. బీర మాత్రం బాగానే మొలిచింది, బహుశా ఆ ఒక్క పొట్లం నిజంగా ఎవరో రైతు ఇచ్చినదై ఉంటుంది. నెల రోజులు ఎదురుచూసి, మళ్లీ నారు పోసుకునేసరికి వానాకాలం సగం గడిచిపోయింది.

సొర సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తీగ ఏపుగా పాకి, పందిరి నిండా అల్లుకుని, భాద్రపదంలో కాయలు దిగాయి. మొదటి కాయ కోసి ముక్క నాలుక మీద పెట్టుకున్న మా ఆవిడ వెంటనే ఉమ్మేసింది, అంత చేదు. ఆ జాతి కాయల్లో కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలు పెరిగినప్పుడు అలాంటి చేదు వస్తుంది. చేదు సొర జ్యూసు తాగినవారికి తీవ్రమైన వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులు కూడా అయిన సందర్భాలు ఉన్నాయి. ఊరూ పేరూ తెలియని గింజతో పెంచిన సొర, బీర, దోస ఏదైనా సరే, వండే ముందు ప్రతి కాయనూ చిన్న ముక్క రుచి చూడండి, చేదుగా ఉంటే ఉప్పు, బెల్లం వేసి సర్దుకునే ప్రయత్నం చేయకుండా పారేయండి. మేము ఆ తీగను మొదలంటా పీకేశాం.

అన్నింటికంటే పెద్ద దెబ్బ ఎరువు బస్తాలది, ఎందుకంటే పాడైన విత్తనం ఒక కుండీతో పోతుంది గాని, పాడైన ఎరువు పాత మట్టిని కూడా పాడు చేస్తుంది. బస్తాల్లో వచ్చినది చూడటానికి నల్లగా, మెత్తగానే ఉంది. ఎప్పటిలాగే ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వేపపిండిలో దాన్ని మూడో వంతు కలిపి 18 కుండీలు నింపాను. రెండు మంచి వానలు పడేసరికి మట్టి పైభాగం చెరువు ఎండినప్పటి అడుగులా బిగుసుకుపోయి నెర్రెలు ఇచ్చింది, అడుగు రంధ్రాల నుంచి నీరు దిగడం ఆగిపోయింది, మిరప మొక్కలు వేరు కుళ్లి వాలిపోయాయి. అప్పుడు మిగిలిన బస్తాలోంచి గుప్పెడు తీసి గాజు గ్లాసు నీళ్లలో వేసి కలిపి రాత్రంతా ఉంచితే, పొద్దున అడుగున రెండు వేళ్ల మందం ఒండ్రుమట్టి, దాని కింద సన్నని ఇసుక, పైన కాస్త తేలికపాటి చెత్త కనిపించాయి. చెరువు పూడిక మట్టికి కొద్దిగా మాగని ఎరువు కలిపి వానపాముల ఎరువుగా అమ్మారన్నమాట. కిలో ధర లెక్క వేస్తే ఆ మట్టికి నేను పెట్టిన డబ్బుతో ఒక ఆటో ట్రాలీ నిండా ఎర్రమట్టి మిద్దె మీదికి చేరేది.

మంచి వానపాముల ఎరువు వాన పడ్డ మట్టి వాసన వేస్తుంది, చేతిలో టీపొడిలా రాలుతుంది, బస్తాలో చెయ్యి పెడితే వేడి తగలదు, కుళ్లు వాసన అసలే ఉండదు. తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలని, సేంద్రియ కర్బనం 18 శాతానికి తగ్గకూడదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ప్రమాణం ఉంది, పేరున్న తయారీదారుల బస్తాల మీద ఈ అంకెలు ముద్రించి ఉంటాయి. నా బస్తాల మీద ఉన్నది ఆవు బొమ్మ ఒక్కటే. ఇంకొక గుర్తు ఆలస్యంగా తెలిసింది. వారం తిరిగేసరికి కుండీల నిండా తుంగ మొలిచింది. వానపాములు తిని విసర్జించిన ఎరువులో తుంగగడ్డలు ఉండవలసిన పని లేదు, అవి పూడిక మట్టితోనే వస్తాయి. తుంగను పైకి పీకితే గడ్డ లోపలే ఉండిపోయి మళ్లీ మొలుస్తుంది కాబట్టి, ఆ 18 కుండీల మట్టినీ గోనెపట్టా మీద గుమ్మరించి, జల్లెడ పట్టి, గడ్డలు ఏరి ఎండబెట్టవలసి వచ్చింది. ఆ పని ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

మామిడి అంటు విషయంలో మోసాన్ని పట్టుకున్నది మా ఆవిడే. కాండానికి జానెడు ఎత్తున ప్లాస్టిక్ పట్టీ గట్టిగా చుట్టి ఉంది, అది అంటు కట్టిన చోటని, ఏడాది దాకా విప్పవద్దని అమ్మినవారు చెప్పారు. అతుక్కున్న అంటుకు ఏడాది పట్టీ ఏమిటి, కాండం ఊపిరాడక నొక్కుకుపోదా అని ఆవిడ విప్పి చూస్తే, లోపల అతుకే లేదు, ఒకే కాండం మీద కత్తితో గీసిన ఏటవాలు గాటు మాత్రం ఉంది. అది టెంక నుంచి మొలిచిన మొక్క. అంటు మొక్క మూడు నాలుగేళ్లకు కాపుకు వస్తే, టెంక మొక్కకు అంతకు రెట్టింపు కాలం పట్టవచ్చు, వచ్చిన కాయ బంగినపల్లిదే అవుతుందన్న నమ్మకమూ లేదు. నిజమైన అంటులో వేరు మొక్కకూ పైకొమ్మకూ మధ్య ఏటవాలు అతుకు, కొద్దిపాటి ఉబ్బు, తరచుగా బెరడు రంగులో తేడా కంటికి కనిపిస్తాయి. మొక్కను కళ్లారా చూసి, పట్టీ విప్పించి కొనండి. జామ దారిలోనే ఎండిపోయింది, దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

ఫొటోలు పంపి డబ్బు వెనక్కి అడిగినప్పుడు వచ్చిన సమాధానం, మీ మట్టిలో జీవం లేదు, మా జీవామృతం పోయండి, లీటరు సీసా 250 రూపాయలు అని. ప్రకృతి వ్యవసాయాన్ని బోధించే సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన జీవామృతం 200 లీటర్ల నీటికి 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టుమట్టితో తయారయ్యేది. మిద్దెతోటకు అందులో పదో వంతు చాలు, అంటే కిలో పేడ, అర లీటరు నుంచి లీటరు మూత్రం, 200 గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి. నీడలో ఉంచి పూటకోసారి కలుపుతూ 48 గంటలు పులియనిచ్చి, వారం రోజుల్లో వాడేసుకోవలసిన ద్రావణాన్ని సీసాలో బిగించి నెలల తరబడి అమ్మడంలో అర్థం లేదు. మూత బిగించి ఉంచితే సీసా ఉబ్బుతుంది గాని మట్టికి మేలు జరగదు. నేను ఈ మాటే అన్నాక నా నంబరును బ్లాక్ చేశారు.

జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేశాను. అక్కడివారు మర్యాదగా విని నమోదు చేసుకున్నారు, కాని నా దగ్గర బిల్లు, చిరునామా, సంస్థ పేరు ఏవీ లేకపోవడంతో ఆ ఫిర్యాదు ఎవరికి పంపాలన్న చోటే ఆగిపోయింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకు రుసుము కూడా లేదు, అయినా ప్రతివాది ఎవరో రాయవలసిన చోట నేను ఒక ఫోను నంబరు తప్ప ఏమీ రాయలేను. అందుచేత కొనే ముందే బిల్లు మీద పేరు, చిరునామా ఉంటాయా అని అడగండి, ముందుగా మొత్తం డబ్బు పంపకండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకోండి.

ఈ ఏడాది నేను టమాటా, బెండ విత్తనాలను బెంగళూరు దగ్గరి హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ నుంచి తెప్పించుకున్నాను. అవి సంకరం కాని సూటి రకాలు కాబట్టి గింజ దాచుకోవచ్చు. సొర గింజలు మాత్రం మా చిన్నమ్మ ఊరి నుంచి బుర్రతో సహా పంపింది. మామిడి కోసం వానలు మొదలయ్యాక కడియం వెళ్లి స్వయంగా చూసి తెచ్చుకుంటాను.

ఆ గులాబీ రంగు గింజల పొట్లాలు మీ ఇంట్లోనూ మిగిలి ఉంటే ఒక్క జాగ్రత్త తీసుకోండి. వృథా ఎందుకని వాటిని పావురాలకో, కోళ్లకో వేయకండి, కడిగి పోపుల డబ్బా పక్కన దాచకండి. చేతులకు తొడుగు వేసుకుని విత్తండి, లేదా పిల్లలకు అందకుండా మూట కట్టి విడిగా ఉంచండి. నావి ఇంకా ఆ కాగితాల్లోనే, ముద్ర కనిపించేలా, ఒక డబ్బాలో ఉన్నాయి. అదే వ్యక్తి చిరునామా ఎవరికైనా దొరికి ఫిర్యాదు చేయదలిస్తే, ఆ పొట్లాలనూ గ్లాసు నీటి ఫొటోలనూ ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.