కాలున్న పలకతో పద్నాలుగు నెలలు

మైపాడు దగ్గర ఒక రొయ్యల రైతు నా కొత్త కంప్యూటర్‌ని మొదటిసారి చూసి, "ఏంది సామే, ఈ వయసులో మళ్ళీ పలక పట్టినావు?" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు ఇంట్లో కూడా దీన్ని పలక అనే అంటాం. వెనక మడతపెట్టే కాలు, ముందు అయస్కాంతంతో అతుక్కునే కీబోర్డు, పక్కన పెన్ను. కీబోర్డు పీకితే టాబ్లెట్, తగిలిస్తే లాప్‌టాప్. 13 అంగుళాల తెర, 16 జీబీ ర్యామ్, విండోస్ 11. ఏ కంపెనీదో చెప్పను. చెబితే కింద రాసే సగం మాటలకు ఎవరో ఒకరు తగవుకొస్తారు.

నా పని లెక్కలు రాయడం. నెల్లూరులో చిన్న ఆఫీసు. ఇందుకూరుపేట, కోవూరు, కావలి వైపు మేత షాపులు, రొయ్యల రైతులు, రెండు మూడు చిన్న కంపెనీలు నా పార్టీలు. నెలలో సగం రోజులు వాళ్ళ దగ్గరికి నేనే పోవాలి. పాత లాప్‌టాప్ రెండున్నర కిలోలు, దాని ఛార్జరు ఇంకో ఇటుక. భుజం నొప్పి భరించలేక 2024 చివర్లో దీన్ని కొన్నాను. ప్రకటనల బొమ్మల్లో కీబోర్డు ఉంటుంది, పెట్టెలో ఉండదు. అది విడిగా, పెన్ను విడిగా కొన్నాక పాతిక వేలు పైన పడింది. ముందే చదువుకోకపోవడం నా తప్పే.

కొనేటప్పుడు మా బావమరిది "రెంటికీ చెడ్డ రేవడి అవుద్ది బావా, ఆలోచించుకో" అన్నాడు. అంత ఘోరం కాలేదు గానీ, అది ఎక్కడ కూర్చుని వాడతామన్న దాని మీదే ఆధారపడి ఉంది. వెనక ఉన్న ఆ కాలే ఈ యంత్రానికి బలమూ బలహీనతా.

బల్ల మీద రాజాలా నిలబడుతుంది. నేల మీద బాసింపట్టు వేసుకుని ముందు పెట్టుకున్నా బాగానే ఉంటుంది, కాకపోతే మెడ వంగుతుంది. ఒళ్ళో పెట్టుకుంటేనే అసలు గొడవ. లాప్‌టాప్ అయితే బరువంతా కిందే ఉంటుంది. దీనికి బరువంతా తెరలో ఉంది, ఆ తెర నిలబడాలంటే కాలు వెనక్కి చాపుకోవాలి, దానికి తొడల మీద జానెడు చోటు కావాలి. పినాకినిలో చెన్నై వెళ్తూ ఓ గంట పనిచేస్తే తొడల మీద ఎర్రగా గీత పడినంత నొప్పి. ఇంట్లో పంచెతో కూర్చుంటే మధ్యలో కాలు దిగబడి తెర వెల్లకిలా పడుతుంది. నవారు మంచం మీదైతే చెప్పనే అక్కర్లేదు. అత్తగారింట్లో నాలుగు రోజులు ఉన్నప్పుడు కాలు కింద స్టీలు పళ్ళెం బోర్లించి పెట్టి పని కానిచ్చాను.

మరి రొయ్యల గుంటల దగ్గర? అక్కడే దీనికి పెట్టిన డబ్బు గిట్టింది.

మొన్న పంట పట్టాక ఒక రైతుతో కాపలా పాకలో మేత బస్తాల మీద కూర్చున్నాం. కీబోర్డు పీకేసి తెరను నిలువుగా పట్టుకుని లెక్క చూపించాను. నాలుగు గుంటలు. మూడింటిలో కిలో రొయ్యకు 1.3 కిలోల మేత పట్టింది. నాలుగో దాంట్లో 2,800 కిలోల మేత పోస్తే 1,750 కిలోలే దిగుబడి, అంటే 1.6. పెన్నుతో ఆ అంకె చుట్టూ సున్నా చుట్టాను. ఆయన మేత వాసన కొట్టే బొటనవేలితో తెరను వెనక్కి జరుపుకుంటూ పోయి, నలభై అయిదో రోజు దగ్గర ఆపాడు. "ఇదిగో, ఈడ ముసురు పట్టింది. రొయ్య మేత తినలా. మావోడు మాత్రం కొలత తప్పకుండా పోసినాడు" అన్నాడు. లాప్‌టాప్ మూత తెరిచి నేను ఒకవైపు, ఆయన ఒకవైపు కూర్చుని ఉంటే ఈ మాట వచ్చేది కాదు. మధ్యలో మూత గోడలా ఉంటుంది. పలక అయితే ఇద్దరి మధ్య చిట్టా పుస్తకంలా ఉంటుంది.

అయితే ఆ వేలికి తడి ఉంటే తెర పిచ్చెక్కినట్టు చేస్తుంది. చినుకు పడినా అంతే, దానంతటదే ఏదో నొక్కుకుంటుంది. గట్టు మీద ఎండలో వెలుతురు పూర్తిగా పెంచినా అందులో మన మొహమే కనబడుతుంది. పాకలోకి పోవాల్సిందే.

తెర కొలతలు నాకు బాగా నచ్చాయి. 3:2 నిష్పత్తి కాబట్టి నిలువుగా పట్టుకుంటే ఏ4 కాగితం కన్నా కాస్త చిన్నగా, పేజీ మొత్తం కనబడుతుంది. నోటీసులు, ఇన్‌వాయిస్‌లు చదవడానికి ఇంతకంటే సుఖం లేదు. బరువు మాత్రం కీబోర్డు లేకుండానే 900 గ్రాములకు దగ్గర. పడుకుని చదువుదామనుకుంటే మొహాన పడుతుంది, ఒకసారి పడింది కూడా.

వేలితో విండోస్ వాడటం ఓపిక పరీక్ష. విండోస్ 10లో టాబ్లెట్ మోడ్ అని విడిగా ఉండేది, 11లో అది లేదు. కీబోర్డు పీకగానే ఐకాన్లు కొంచెం దూరం జరుగుతాయి, అంతే. ఎక్సెల్‌లో ఒక గడి నొక్కబోతే పక్క గడి. తెర మీద కీబోర్డు తెరిస్తే సగం తెర అదే మింగేసి, అయిదారు వరుసలు మిగులుతాయి. తెలుగు మాత్రం అసలు కీబోర్డు మీద హాయిగా కొట్టుకోవచ్చు. ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది, వేరే ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు దెబ్బ. ఇందులో ఉన్నది ఏఆర్‌ఎమ్ రకం చిప్, ఫోన్లలో ఉండే జాతి. ఫ్యాను లేదు, చప్పుడు లేదు, కొత్తలో పది గంటలు ఛార్జింగ్ నిలిచింది, ఇప్పటికీ ఎనిమిది వస్తోంది. మామూలు ఇంటెల్ కంప్యూటర్లకు రాసిన ప్రోగ్రాములు కూడా చాలావరకు నడుస్తాయి, మధ్యలో విండోసే తర్జుమా చేసుకుంటుంది. కానీ ప్రింటరు లాంటివి తగిలిస్తే వాటిని కంప్యూటరుతో పలికించే చిన్న ప్రోగ్రాములు, అదే డ్రైవర్లు, వాటికి ఆ తర్జుమా లేదు. ఈ చిప్ కోసం ప్రత్యేకంగా రాసిన డ్రైవరే కావాలి. నా కంపెనీ పార్టీల జీఎస్టీ రిటర్నులకు డిజిటల్ సంతకం టోకెన్, అంటే పెన్‌డ్రైవ్ లాంటి ముక్క, గుచ్చాలి. నా దగ్గరున్న టోకెన్‌కి అలాంటి డ్రైవరు లేదు. ఈ సంగతి నాకు తెలిసింది 3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుకు ఆఖరి రోజు, 20వ తేదీ సాయంత్రం ఆరింటికి. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. అటక మీద పెట్టిన పాత లాప్‌టాప్‌ను దించి, దుమ్ము దులిపి, అది అప్‌డేట్లన్నీ మింగి లేచేసరికి ఎనిమిదిన్నర. ఓటీపీతో సంతకం అయిపోయే సొంత వ్యాపారస్తుల రిటర్నులకు ఈ ఇబ్బంది లేదు. ఆఫీసులో ఉన్న పాత ప్రింటరుది కూడా ఇదే కథ.

రోహిణి కార్తెలో కోవూరులో కారులో వదిలి గంట తర్వాత వస్తే ఛార్జింగ్ ఎక్కనంది. లిథియం బ్యాటరీ 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ ఎక్కించుకోకూడదు, అందుకే యంత్రం తనే ఆపేస్తుంది. చల్లారాక మామూలే. బల్ల మీద ఎప్పుడూ ప్లగ్గులో ఉంచేవాళ్ళు 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకోండి. ఫోన్ ఛార్జరు కాస్త పెద్దదైతే అదే దీనికీ పనికొస్తుంది, ఆ ఇటుక బాధ తప్పింది.

పదో నెలలో కీబోర్డు ఉన్నట్టుండి పలకడం మానేసింది. తగిలిస్తే ఒక్క క్షణం వెలిగి ఆరిపోయేది. సర్వీసు సెంటర్లో, "దీనికి రిపేరు లేదు సార్, కొత్తది తీసుకోండి" అన్నారు. పద్నాలుగు వేలు. చెన్నై పనిమీద పోయినప్పుడు ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో ఒక సందులో చూపించాను. ఆ కుర్రాడు కీబోర్డు అంచున ఉన్న చిన్న పిన్నుల్ని ఫోన్ లైటులో చూసి, "సముద్రం దగ్గర వాడతారా?" అని అడిగాడు. గుంటల మీద ఉప్పుగాలికి పిన్నుల మీద సన్నటి పొర పట్టిందట. పెన్సిలు రబ్బరుతో నాలుగు రుద్దులు రుద్ది తగిలించాడు. వెలిగింది. వంద రూపాయలు తీసుకున్నాడు.

రోజంతా ఒకే కుర్చీలో పనిచేసేవాళ్ళు ఈ డబ్బుతో మంచి లాప్‌టాప్ కొనుక్కోండి. టోకెన్లు, పాత ప్రింటర్లు ఉన్నవాళ్ళు ఈ రకంలోనే ఇంటెల్ చిప్ ఉన్నది చూసుకోండి, ఛార్జింగ్ కాస్త తగ్గినా ఫర్వాలేదు. మళ్ళీ కొనాల్సి వస్తే నేనూ అదే కొంటాను. పలక మాత్రం వదలను.

నా బ్యాగులో ఇప్పుడు పెన్ను పక్కన ఓ రబ్బరు ముక్క కూడా ఉంటుంది. మా పాప జామెట్రీ బాక్సులోంచి నేనే తీసుకొచ్చాను. పదిహేను రోజులకోసారి పిన్నుల మీద ఓ రుద్దు రుద్దుతున్నాను. అది పోయిందని పాప ఇంకా ఇల్లంతా వెతుకుతోంది.