ఆంప్ ముందు మైకు: నడిమధ్యనా, అంచునా, దూరంగానా?

ఒంగోలులో నాకు తెలిసిన గిటార్ కుర్రాళ్లు ఎక్కువమంది చర్చిలో వాయించడం మొదలుపెట్టినవాళ్లే. క్రిస్మస్ దగ్గరపడేసరికి సొంత పాట ఒకటి ఇంట్లోనే రికార్డు చేయాలని అందరికీ ఉంటుంది. అప్పుడు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అన్నా, ఆంప్‌కి మైకు ఎక్కడ పెట్టాలి? స్పీకరు మధ్యలోనా, పక్కకా, దూరంగానా?" ఆంప్ అంటే ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకరు పెట్టె. ఏ మైకు కొనాలని అడిగినవాళ్లకి కూడా నేను ముందు ఈ సంగతే చెబుతాను. మైకు మార్చితే వచ్చే తేడా కంటే, ఉన్న మైకుని రెండు వేళ్ల మందం పక్కకి జరిపితే వచ్చే తేడా ఎక్కువ. నా దగ్గర ఉన్నది షూర్ ఎస్ఎమ్ 57, పది అంగుళాల స్పీకరున్న చిన్న ఆంప్. 1965 నుంచి వస్తున్న ఆ మైకుతోనే ఇవన్నీ చేసి చూశాను.

దూరం సంగతి ముందు తేల్చేస్తాను. పెద్ద హాలుంటే మీటరు దూరంలో పెట్టిన మైకు చాలా బాగుంటుంది, స్వరం చుట్టూ గాలి ఆడినట్టు వినపడుతుంది. మన ఇళ్లలో పైన స్లాబు, కింద టైల్స్, నాలుగు వైపులా నున్నటి గోడలు. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి, టంగుమని తిరిగొస్తుంది. మీటరు దూరంలో ఉన్న మైకుకి గిటార్‌తో పాటు ఆ మోత కూడా ఎక్కుతుంది. ఒకసారి ట్రాక్‌లో కలిసిపోయాక దాన్ని విడదీయలేం. దగ్గర నుంచి పొడిగా తీసుకున్న శబ్దానికి రివర్బ్, అంటే గది మోతలాంటి ఎఫెక్ట్, తరవాత ఎప్పుడైనా వేసుకోవచ్చు. బొంతలు, పరుపులు నిలబెడితే పైస్థాయి మోత కొంత తగ్గుతుంది, కింది స్థాయి హోరు మాత్రం అలాగే ఉంటుంది. పైగా మా ఇల్లు చెన్నై–విజయవాడ రైలు లైనుకి దగ్గర. మైకు దూరంగా ఉంటే హారన్ మోగినప్పుడల్లా టేక్ పోయినట్టే. రోహిణి కార్తెలో ఫ్యాన్ ఆపుకుని కూర్చోవడం కూడా దూరం మైకుతోనే వచ్చే కష్టం. దగ్గర పెడితే ఆంప్ శబ్దం కింద ఫ్యాన్ హోరు దాదాపు వినపడదు.

అందుకని ఇంట్లో అయితే దగ్గరే, ఆంప్ ముందు స్పీకరుని కప్పి ఉండే గుడ్డకి రెండు వేళ్ల దూరంలో. అంతకంటే దగ్గరకి జరిపితే బాస్ ఉబ్బుతుంది, జానెడు వెనక్కి జరిపితే బాస్ పలచబడుతుంది. ఇక అసలు ప్రశ్న, మధ్యా అంచా అన్నది.

స్పీకరు నడిమధ్య, అంటే అక్కడ ఉండే డస్ట్ క్యాప్ అనే గుండ్రటి మూతకి సూటిగా పెడితే స్వరం సూదిలా వస్తుంది. పైస్థాయి శబ్దం అన్ని వైపులకీ పరుచుకోకుండా మధ్య నుంచి సన్నటి ధారలా ముందుకే వస్తుంది కాబట్టి, మైకు సరిగ్గా దానికి ఎదురుపడుతుంది. ఈ మైకు స్వతహాగా 5, 6 కిలోహెర్ట్జ్ దగ్గర కొంచెం ఎత్తి చూపిస్తుంది. రెండూ కలిసేసరికి డిస్టార్షన్ (గిటార్ స్వరాన్ని కావాలని గరగరలాడించే ఎఫెక్ట్) శబ్దం కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది. అంచుకి జరిపితే ఆ చిటపట అంతా పోయి మెత్తగా, గుండ్రంగా వస్తుంది.

ఒంటరిగా వింటే అంచు చాలా తియ్యగా ఉంటుంది. నేనూ దానికే పడిపోయి ఒక పాట మొత్తం అక్కడే తీశాను. గాయని గొంతు, కీబోర్డు వచ్చి చేరాక గిటార్ దుప్పటి కప్పుకుని పడుకున్నట్టయింది. ఎంత పెంచినా పెద్దదయింది తప్ప తేటపడలేదు. మళ్లీ మొదటి నుంచి వాయించాను. అప్పటి నుంచి మైకు చోటుని పాట నడుస్తుండగానే విని తేల్చుకుంటాను, గిటార్ ఒక్కదాన్నే విని కాదు. ఆ లెక్కన నాకు నచ్చిన చోటు డస్ట్ క్యాప్ అంచు కోన్‌ని, అంటే దాని చుట్టూ గరాటులా ఉండే స్పీకరు భాగాన్ని, అంటుకునే గీత. పదును ఉంటుంది, కోత ఉండదు. పాత తీగలు, మందంగా మోగే స్పీకరు, తీగలని అరచేత్తో నొక్కి (మ్యూట్ చేసి) కొట్టే రిథమ్ అయితే మాత్రం నడిమధ్యే మేలు.

ఆ గీత పట్టుకోవడానికి గుడ్డ మీద నుంచి ఫోన్ టార్చి వేస్తే లోపల డస్ట్ క్యాప్ గుండ్రంగా కనపడుతుంది. తరవాత ఆంప్ మీది గెయిన్ నాబ్ పెంచి, తీగలు ముట్టుకోకుండా వదిలేస్తే ఆంప్ సుయ్యిమంటూ ఉంటుంది. పక్క గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేను వింటుంటే, మా తమ్ముడు మైకు జరుపుతాడు. మధ్యలో ఉన్నప్పుడు ఆ సుయ్ చెవిలో గుచ్చుతుంది, బయటకి వచ్చేకొద్దీ మెత్తబడుతుంది.

"ఇక్కడా అన్నా?"

"ఇంకొంచెం బయటకి... ఆగు. అదే, కదపొద్దు."

వాడు అక్కడే గుడ్డ మీద సుద్దముక్కతో చుక్క పెట్టేస్తాడు. మర్నాడు మళ్లీ వెతుక్కునే పని లేదు.

మైకుని 45 డిగ్రీలు వంచితే దాదాపు అంచుకి జరిపిన మెత్తదనమే వస్తుంది, అంతకంటే దానిలో పెద్ద విశేషం లేదు. రెండు మైకులు పెట్టాలంటే రెంటి దూరమూ సమానంగా ఉండాలి. 34 సెంటీమీటర్ల తేడా వస్తే రెండో దానికి ఒక మిల్లీసెకను ఆలస్యమవుతుంది, రెండూ కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర శబ్దం కొట్టుకుపోతుంది. వెనక తెరిచి ఉన్న ఆంప్‌కి వెనక మైకు పెడితే దాని ఫేజ్ తిప్పాలి, అంటే దాని శబ్దపు అలని తలకిందులు చేయాలి. ఇంట్లో ఒక్క మైకు చాలు.

ఆంప్ నేల మీద ఉంటే బాస్ ఎక్కువై బురదబురదగా ఉంటుంది. చెక్క స్టూలు ఎక్కించండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, అదే గిలగిలా మోగుతుంది. ఎక్కించగానే స్పీకరు ఎత్తు మారుతుంది కాబట్టి, స్టాండు కూడా లేపి మైకుని మళ్లీ ఆ సుద్ద చుక్కకి ఎదురుగా తెచ్చుకోండి.