పాత లాంగ్ ఆర్మ్ మిషన్ కొంటున్నారా? "ఏ ఫ్రేమ్ అయినా సరిపోతుంది" అన్న మాట నమ్మకండి

హ్యూస్టన్ చుట్టుపక్కల క్విల్టింగ్ చేసే తెలుగువాళ్ళు నాకు తెలిసినవాళ్ళే పదిమంది దాకా ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు పాత లాంగ్ ఆర్మ్ (బొంతల్లాంటి పెద్ద క్విల్ట్‌లు ఫ్రేమ్ మీద బిగించి కుట్టే మిషన్) కోసం చూస్తున్నామని పోయిన వారం అన్నారు. నేను దాదాపు 1,100 డాలర్లు, నాలుగు నెలలు తగలేశాను కాబట్టి అడక్కముందే చెబుతున్నాను.

మా అమ్మ పాత చీరలతో పెద్ద మంచానికి సరిపడా క్విల్ట్ చెయ్యాలన్నది నా కోరిక. అమ్మమ్మ అయితే నేల మీద పరుచుకుని చేత్తోనే బొంతలు కుట్టేసేది. నాకు అంత ఓపిక లేదు. ఇంట్లో ఉన్న కుట్టుమిషన్‌లో సూదికీ వెనక స్తంభానికీ మధ్య ఖాళీ, అంటే త్రోట్, 8 అంగుళాలు. అందులో అంత క్విల్ట్ చుట్టి దూర్చడం అంటే పరుపుతో కుస్తీ పట్టడమే. ఇక్కడ ఏటా జరిగే అంతర్జాతీయ క్విల్ట్ ఫెస్టివల్‌లో లాంగ్ ఆర్మ్‌లు నడిపి చూశాను. నాకు నచ్చినవి ఫ్రేముతో కలిపి పదివేల డాలర్లు దాటాయి. అందుకే పాతవాటి మీద పడ్డాను.

మిషన్ మంచిదే దొరికింది. 18 అంగుళాల త్రోట్, 2,600 డాలర్లు, కానీ ఫ్రేమ్ లేదు. ఫ్రేమ్ ఏముంది, ఇనప బల్లే కదా అనుకున్నాను. అదే నా తప్పు. రెండు గంటల దూరంలో ఒకాయన 12 అడుగుల ఫ్రేమ్ 900కి పెట్టాడు. "ఏ మిషన్ అయినా ఎక్కుతుంది, యూనివర్సల్" అన్నాడు. వీడియో కూడా పంపాడు. దాని మీద వేరే మిషన్ చక్కగా కుడుతోంది. ఆ వీడియోలో మిషన్ ఉన్నచోటు నుంచి ఒక్క అంగుళం కూడా కదలలేదని డబ్బులిచ్చాక గమనించాను. క్యాష్ ఇచ్చాను, రసీదు లేదు.

తెలియనివాళ్ళకు ఒక్క మాట. మామూలు మిషన్‌లో బట్టను మనం జరుపుతాం. ఇందులో బట్ట రోలర్ల మధ్య బిగించి ఉంటుంది, మిషనే తిరుగుతుంది. మిషన్ కింది చక్రాలు క్యారేజ్ అనే బండి మీద ముందుకీ వెనక్కీ దొర్లుతాయి, ఆ బండి ఫ్రేమ్ పట్టాల మీద అటూ ఇటూ దొర్లుతుంది. కంపెనీని బట్టి ఈ చక్రాలూ పట్టాలూ మారిపోతాయి.

నేనూ మావారూ కలిసి మిషన్ ఎత్తి క్యారేజ్ మీద పెట్టాం. ఎడమ చక్రాలు గాడిలో కూర్చున్నాయి. కుడి చక్రాలు అంచు మీద నిలబడ్డాయి. టేపు పెట్టి కొలిస్తే ముప్పావు అంగుళం తేడా. లేత్ పనిచేసే ఒకాయన 80 డాలర్లు తీసుకుని చక్రాలు జరిపి ఇచ్చాడు. హమ్మయ్య అనుకున్నాను.

తర్వాత ఎత్తు. ఆ ఫ్రేమ్ ఇంకా పెద్ద మిషన్ కోసం చేసిందట. కుట్టిన క్విల్ట్ చుట్టుకునే టేకప్ రోలర్‌ని అన్నిటికంటే కింది రంధ్రానికి దించినా బట్ట సూది పలక మీద అంగుళం పైన తేలుతోంది. నిజానికి పలకకూ బట్టకూ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు ఉంటే చాలు. అంతకంటే పైన ఉంటే సూదితో పాటు బట్ట కూడా ఎగిరెగిరి పడుతుంది, కుట్లు తప్పిపోతాయి. ప్లైవుడ్ ముక్కలు పెట్టి మిషన్‌ని లేపాం. దాంతో ఊగడం మొదలైంది. పైగా ఆ రోలర్ లావు. 18 అంగుళాల త్రోట్‌లో నాకు కుట్టడానికి దక్కింది 11. క్విల్ట్ చుట్టుకునేకొద్దీ అది 7కి దిగింది. అంతకంటే ఇంటి మిషనే నయం కదా!

అసలు దెబ్బ ఎన్‌కోడర్లది. కుట్టు పొడుగు ఒకేలా రావడానికి పట్టానికి ఆనుకుని తిరిగే చిన్న చక్రాలవి. మిషన్ ఎంత వేగంగా కదులుతోందో మోటారుకు చెప్పేది అవే. నా మిషన్ ఎన్‌కోడర్ బల్లపరుపు పట్టానికి సరిపోయేది, ఫ్రేమ్ పట్టమేమో గుండ్రం. ముందుకీ వెనక్కీ లాగితే అంగుళానికి పది కుట్లు, ముత్యాల్లా వచ్చాయి. పక్కకి లాగితే ఒకచోట దారం ఉండ, తర్వాత అరంగుళం ఖాళీ, మళ్ళీ ఉండ. అమ్మ చీర మీద కాదు, ట్రయల్ గుడ్డ మీదే కాబట్టి బతికిపోయాను.

ఇవి చాలనట్టు నా గది 13 అడుగులే. 12 అడుగుల ఫ్రేమ్ పెట్టాక దారం కోన్ మార్చాలంటే కింద నుంచి పాక్కుంటూ వెనక్కి వెళ్ళేదాన్ని.

ఫ్రేమ్ అమ్మినాయనకు ఫోన్ చేస్తే "నా మిషన్‌కి బాగానే పనిచేసింది" అన్నాడు. అది అబద్ధం కూడా కాదు. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

నేను చేయాల్సింది చాలా తేలిక. మిషన్ తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేసి సీరియల్ నంబర్ చెబితే ఏ ఫ్రేమ్‌లు పడతాయో రెండు నిమిషాల్లో చెప్పేశారు. డబ్బులిచ్చే ముందు చేయాల్సిన ఆ ఫోన్, మూడు నెలల తర్వాత చేశాను. వీలైతే మిషన్, ఫ్రేమ్ ఒకరి దగ్గరే, బిగించి ఉన్నప్పుడే చూడండి. విడివిడిగా కొనక తప్పకపోతే మీ మిషన్ చక్రాల మధ్య దూరం, త్రోట్ లోతు, ఎత్తు కాగితం మీద రాసుకుని టేపు పట్టుకెళ్ళండి. రోలర్ ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి కట్టి చూడండి, మధ్యలో వంగితే తెలిసిపోతుంది. ఫ్రేమ్ మీద మిషన్ ఉంటే మధ్యలో వదిలేసి చేతులు తీసేయండి. తనంతట తానే ఒక పక్కకు జారుతోందంటే లెవెల్ లేదు, అది సరిచేసుకోవచ్చు. తోస్తే టక్ టక్ మని కొట్టుకుంటోందంటే చక్రం అరిగిందో, పట్టం సొట్టపోయిందో. మీ సొంత గుడ్డ, దూది, అడుగు గుడ్డ మూడు పొరలూ తీసుకెళ్ళి నాలుగు వైపులా మీరే కుట్టి చూడండి. వాళ్ళు కుట్టి చూపిస్తే ఒప్పుకోకండి.

చివరికి నా మిషన్ కంపెనీదే 10 అడుగుల పాత ఫ్రేమ్ 1,500కి దొరికింది. మధ్యాహ్నం బిగించాం, రాత్రికి కుట్టడం మొదలుపెట్టాను.

ఆ 12 అడుగుల ఫ్రేమ్ ఇప్పుడు గరాజ్‌లో ఉంది, 400కి అమ్మకానికి పెట్టాను. పట్టాల కొలత, గుండ్రం పట్టమన్న సంగతి ప్రకటనలో మొదటి వాక్యంలోనే రాశాను. ఇప్పటికి ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురూ అడిగింది ఒక్కటే: "350కి ఇస్తారా?"