మ్యూజియం సీసాలో కప్ప: ఫార్మలినా, ఆల్కహాలా?

ఆకారం చెక్కుచెదరకుండా ఉండాలంటే 10 శాతం ఫార్మలినే (ఫార్మాల్డిహైడ్ కలిపిన నీటి ద్రావణం) మేలు. కాళ్లు, వేళ్లు ట్రేలో ముందే సర్దాలి. ఒకసారి బిగుసుకుంటే మళ్లీ కదలవు. పెద్ద కప్పయితే పొట్టలోకి సిరంజితో కాస్త ఎక్కించాలి, లేదంటే పైన గట్టిపడ్డా లోపల పేగులు కుళ్లిపోతాయి. బఫర్ (ఆమ్లత్వం పెరగకుండా ఆపే పదార్థం) కలపకపోతే ద్రావణం ఆమ్లంగా మారి ఎముకల్లో కాల్షియం కరిగిపోతుంది. పైగా ఫార్మలిన్‌లో డీఎన్‌ఏ దెబ్బతింటుంది. కళ్లు మండించే విషం కూడా, గ్లవ్స్ తప్పవు.

95 శాతం ఆల్కహాల్‌లో డీఎన్‌ఏ నిలుస్తుంది గానీ, నీరు లాగేయడంతో ఒళ్లు ముడుచుకుని పెళుసవుతుంది. రంగులు రెండింటిలోనూ పోతాయి. ఫొటో ముందే తీయాలి.

అందుకే మా పద్ధతి: ముందు చిన్న కాలేయం ముక్క 95 శాతం ఆల్కహాల్‌లోకి, తర్వాతే కప్ప ఫార్మలిన్‌లోకి. కొన్ని రోజులయ్యాక నీళ్లతో కడిగి 70 శాతం ఆల్కహాల్‌కి మార్చాలి. మూత వదులైతే నీటికంటే ఆల్కహాలే త్వరగా ఆవిరై, మిగిలింది పలచబడుతుంది.